ఆకాశంలో రద్దీ, కుళాయి దగ్గర తగువు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు ముప్పై ఆరేళ్లు విమానాలు నడిపారు కదండీ, ఆ అనుభవాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. ముందుగా ఒక దిద్దుబాటు. నేను విమానాలు ఎప్పుడూ నడపలేదు. నడిపేవాళ్లకి దారి చెప్పాను. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం నాది. మా ఆవిడ చుట్టాలకి పరిచయం చేసేటప్పుడు "ఆకాశంలో ట్రాఫిక్ పోలీసు" అనేది. ఈలా లేదు, ఎండా లేదు, అంతే తేడా.

అనుభవాలు చెప్పమంటే ఎవరికైనా తాము గొప్పగా చేసిన పనులే గుర్తొస్తాయి. అందుకని నేను ఒక తగువు గురించి మాట్లాడదామని వచ్చాను. టిక్కెట్లు అమ్మి జనాన్ని చేరవేసే ఎయిర్‌లైన్స్‌కీ, సొంత విమానాలూ చార్టర్ విమానాలూ నడిపేవాళ్లకీ మధ్య ఏళ్ల తరబడి సాగుతున్న తగువు ఇది. విమానాలు ఆలస్యమైనప్పుడల్లా రద్దీకి కారణం మీరంటే మీరని ఇద్దరూ అనుకుంటారు. ఆ ఇద్దరికీ దారి చెబుతూ బతికినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. అదీ దాచను.

కానీ ముందు మన కుళాయి దగ్గరికి వెళ్లాలి.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆఫీసు గది పక్కన వేపచెట్టు కింద ఒకే ఒక్క కుళాయి. మధ్యాహ్నం గంట కొట్టగానే బడి మొత్తం దాని మీద పడేది. హాస్టలు పిల్లలు కంచాలు పట్టుకుని నలభై మంది ఒక్కసారే వచ్చేవాళ్లు. పొరుగూళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చే మాలాంటివాళ్లం ఒక్కొక్కళ్లమే వచ్చినా, క్యారేజీలో నాలుగు గిన్నెలూ కడిగితే గానీ కదిలేవాళ్లం కాదు. "మీరు మందలా వచ్చిపడతారు" అని మేము. "మీరు ఒక్కొక్కరూ నలుగురి నీళ్లు వాడతారు" అని వాళ్లు. ఒకరోజు మాట మాట పెరిగి గిన్నెలు లేచాయి. నా నుదుటి మీద ఈ మచ్చ ఆనాటిదే, మూడు కుట్లు.

హెడ్మాస్టారు రెండు పక్షాల్నీ పిలిచి అంతా విన్నారు. ఎవర్నీ కొట్టలేదు, ఎవరిది తప్పో కూడా తేల్చలేదు. మర్నాడు మధ్యాహ్నం గంట రెండుసార్లు మోగింది. 12.15కి చిన్న తరగతులకి, 12.35కి పెద్ద తరగతులకి. కుళాయి అదే, నీళ్లు అవే, మేమూ అదే కొట్లాట రాయుళ్లం. తగువు మాత్రం లేదు. అది మేము బాగుపడటం వల్ల కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఇక నా ఉద్యోగం సంగతి. సివిల్ ఏవియేషన్ శాఖలో చేరి, అలహాబాద్ దగ్గర బమ్రౌలీలో శిక్షణ పూర్తిచేశాను. మొదట్లో చాలా చోట్ల రాడార్ తెర లేదు. పొడుగాటి కాగితం ముక్కల మీద విమానం పేరు, ఎత్తు, వేళ రాసుకుని, మనసులో లెక్క కడుతూ దారి చెప్పేవాళ్లం. రాడార్ వచ్చాక ప్రతి విమానమూ తెర మీద ఒక చుక్క అయింది. ఆ చుక్కలో 180 మంది ఉన్నా చుక్కే, ఒక్క షావుకారు గారు ఉన్నా చుక్కే. కంట్రోలర్‌కి రెండిటికీ పట్టే శ్రద్ధ ఇంచుమించు ఒకటే. ఎయిర్‌లైన్స్ వాళ్ల వాదనకి మూలం ఇక్కడే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

"ఆకాశం అంత పెద్దది కదా, రద్దీ ఏమిటి?" అని మన ఊళ్లో చాలామంది నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆకాశం పెద్దదే. ఇరుకు రన్‌వే దగ్గర. ఎంత దూరం నుంచి వచ్చిన విమానమైనా చివరికి ఆ సన్నటి పట్టీ మీదే దిగాలి. ఒకటి దిగి పక్కకి తప్పుకుంటే గానీ ఇంకొకటి దిగడానికి లేదు. రెండు విమానాల మధ్య ఉంచాల్సిన దూరం కూడా నియమం ప్రకారం ఉంటుంది. పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి సుడిగాలులు పుట్టి కాసేపు వెనకే ఉండిపోతాయి. వాటిలో చిన్న విమానం చిక్కుకుంటే తలకిందులైపోగలదు. అందుకని బరువైన విమానం వెనక తేలికపాటి విమానం వస్తుంటే ఆరు నాటికల్ మైళ్ల ఎడం ఉంచుతాం. రెండూ ఒకే తరహావైతే చాలాచోట్ల మూడు మైళ్లు సరిపోతుంది. అంటే పెద్దవాటి వరసలో ఒక చిన్న విమానం దూరితే అది తీసుకునే జాగా దాని ఒంటికంటే పెద్దది. నాలుగు గిన్నెల క్యారేజీ లాగన్నమాట.

మన ముంబయి సంగతి తీసుకోండి. అక్కడ రెండు రన్‌వేలు ఉన్నాయి గానీ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. అందుకని ఒక వేళకి ఒకటే వాడాలి. ఆ ఒక్కదాని మీదే రద్దీ వేళల్లో ఎక్కడం, దిగడం కలిపి గంటకి 46 విమానాలు నడిపారు. 78 సెకన్లకి ఒకటి. ఎక్కడా ఊపిరి తీసుకునే జాగా లేని లెక్క అది. ఒక విమానం రన్‌వే మీద ఐదు నిమిషాలు ఆగిపోయిందనుకోండి, నాలుగు విమానాల వంతు పోయినట్టే. 46 పట్టే చోట గంటకి 48 రాసుకున్నారనుకోండి, మూడు గంటలు తిరిగేసరికి ఆరు విమానాలు మిగులు. ఆ ఆరో విమానం ఎనిమిది నిమిషాలు గాలిలో చక్కర్లు కొట్టాలి. తప్పు రెండే రెండు విమానాలది, శిక్ష వెనకొచ్చే అందరికీ. కుళాయి లెక్కే ఇదీ.

ఈ తగువు అన్నిటికంటే పెద్దగా జరిగింది అమెరికాలో, 2007లో. ఆ వేసవి సెలవుల్లో మా అమ్మాయి దగ్గర న్యూజెర్సీలో రెండు నెలలున్నాను. ఏ పేపరు తీసినా, టీవీ పెట్టినా విమానాల ఆలస్యం గొడవే. న్యూయార్క్ చుట్టూ కెన్నెడీ, లాగార్డియా, నెవార్క్ అని మూడు పెద్ద విమానాశ్రయాలు. అవి కాక సొంత విమానాల వాళ్లు దిగే టెటర్‌బరో. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి. అక్కడ మబ్బు పడితే దేశమంతా ఆలస్యం. అదే సమయంలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏకి డబ్బు ఎక్కడి నుంచి రావాలనే చట్టం పార్లమెంటులో కొత్తగా రాయాల్సి వచ్చింది. దాంతో ఆలస్యం గొడవా, డబ్బు గొడవా కలిసిపోయాయి.

ఎయిర్‌లైన్స్ వాళ్లు ఏమన్నారంటే: రాడార్ తెర మీద మా చుక్కా, వాళ్ల చుక్కా ఒకటే. మా చుక్కలో వంద మంది ప్రయాణికులున్నారు, వాళ్లందరూ టిక్కెట్టు మీద 7.5 శాతం పన్ను కడుతున్నారు. వాళ్ల చుక్కలో నలుగురు. వాళ్లు కట్టేది ఇంధనం మీద గాలనుకి ఇరవై రెండు సెంట్ల దాకా ఉన్న పన్ను మాత్రమే. ఎఫ్ఏఏ సొంత లెక్క కూడా వీళ్ల పక్షానికే మొగ్గింది. ఆ ఏడాది వేసిన ఖర్చుల పంపకంలో, ట్రాఫిక్ నియంత్రణకయ్యే ఖర్చులో సుమారు 16 శాతం సొంత విమానాల తరగతి వల్ల అవుతోందని, పన్నుల్లో మాత్రం వాళ్ల వాటా 3 శాతమేనని చూపించారు. కాబట్టి ఎవరు ఎంత వాడుకుంటే అంత రుసుము కట్టాలి అన్నది వీళ్ల డిమాండు.

సొంత విమానాల వాళ్లు ఊరుకుంటారా? వాళ్లు అన్నది ఇది: మేము కెన్నెడీకి, లాగార్డియాకి రావడమే అరుదు. మాకు టెటర్‌బరో ఉంది, చిన్న ఊళ్లలో చిన్న విమానాశ్రయాలున్నాయి. ఈ టవర్లూ రాడార్లూ ఇంత పెద్ద ఎత్తున కట్టింది మీ సాయంత్రపు రద్దీ కోసం. రేపటి నుంచి మేమెవరం ఎగరకపోయినా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. మరి ఆలస్యం దేనికంటే, మీరందరూ ఒకే గంటలో విమానాలు బయల్దేరతాయని టిక్కెట్లు అమ్ముతున్నారు గనక. పెద్ద విమానం ఒకటి పంపేచోట యాభై సీట్ల విమానాలు రెండు మూడు పంపుతున్నారు గనక.

నేను కంట్రోలర్ని కాబట్టి రెండు పక్షాల మాటల్నీ తెర ముందు కూర్చున్న కళ్లతో చూశాను. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరూ సగమే చెప్పారు.

చుక్క చుక్కే అన్నది నిజం. కానీ సాయంత్రం ఆరు గంటల చుక్కా, రాత్రి పదకొండు గంటల చుక్కా ఒకటి కావు. ఖాళీ వేళలో వచ్చే విమానం ఎవరికీ అడ్డు కాదు. చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి పోయే విమానం పెద్ద రన్‌వేకి అడ్డమే రాదు. ఎయిర్‌లైన్స్ ఈ ముక్క చెప్పలేదు. అలాగే సొంత విమానాలు పెద్ద విమానాశ్రయాలకి తక్కువే వస్తాయన్నది నిజం. కానీ టెటర్‌బరోకి వేరే రన్‌వేలు ఉన్నాయి గానీ వేరే ఆకాశం లేదు. అక్కడి నుంచి ఒక దిక్కుకి లేచే విమానాల్ని మొదట 1,500 అడుగుల ఎత్తులోనే ఆపేస్తారు. ఎందుకంటే వాటి నెత్తి మీదుగానే నెవార్క్‌లో దిగే పెద్ద విమానాలు పోతుంటాయి. ఒకరి వేళ కుదరకపోతే రెండో వాళ్లు ఆగాలి. ఆ సంగతి వీళ్లు చెప్పలేదు.

మరి అసలు కారణం? లాగార్డియా చరిత్రలో అది స్పష్టంగా కనబడుతుంది. 1969 నుంచి అక్కడ గంటకి ఇన్ని విమానాలే అని హద్దు ఉండేది. 2000లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసి, చిన్న ఊళ్లకి పోయే చిన్న జెట్ విమానాలకి ఆ హద్దు నుంచి మినహాయింపు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ ఎయిర్‌లైన్స్ అన్నీ పోటీపడి కొత్త సర్వీసులు రాసేసుకున్నాయి. కొద్ది నెలల్లోనే ఆ ఒక్క విమానాశ్రయం దేశం మొత్తాన్నీ ఆలస్యం చేసింది. చివరికి ఎవరికి జాగా ఇవ్వాలో తేల్చడానికి లాటరీ వేయాల్సి వచ్చింది. అక్కడ సొంత విమానాలు పెరగలేదు. గంట కొట్టే పద్ధతి మారింది, అంతే.

ఒక్కో ఎయిర్‌లైన్‌నీ విడిగా తప్పుపట్టడం కూడా తేలిక కాదు. సాయంత్రం ఆరు గంటల విమానాన్ని ఒక సంస్థ బుద్ధిగా ఎనిమిదికి మార్చుకుందనుకోండి. ఖాళీ అయిన ఆరు గంటల జాగాలోకి పోటీ సంస్థ దూరిపోతుంది. రద్దీ తగ్గదు, బుద్ధిమంతుడికి ప్రయాణికులు తగ్గుతారు. అందుకని ఎవరూ కదలరు. రైలు పెట్టెలో అందరూ లేచి నిలబడితే కూర్చున్నవాడికే నష్టం కదా.

2007 నవంబరులో ఆ దేశాధ్యక్షుడు, థాంక్స్‌గివింగ్ పండగ రద్దీ కోసం తూర్పు తీరంలో సైన్యం వాడుకునే ఆకాశంలో కొంత భాగాన్ని ప్రయాణికుల విమానాలకి తెరిపించారు. పేపర్లో అది చూసి నాకు నవ్వొచ్చింది. దారి వెడల్పు చేశారు, చివర ఉన్న గుమ్మం అంతే ఉంది. తర్వాత ఏడాది కెన్నెడీలో టైంటేబులు మీద రాసుకునే విమానాలు గంటకి 81 మించకూడదని హద్దు పెట్టారు. నెవార్క్‌కీ పెట్టారు. లాగార్డియాలో టైంటేబులు లేని విమానాలకి, అంటే సొంత, చార్టర్ విమానాల వంటివాటికి, గంటకి మూడే జాగాలు ఉంచారు. ఆ పైన ఇంధనం ధర మండిపోయింది, ఆర్థిక మాంద్యం వచ్చింది, ఎయిర్‌లైన్స్ తమంతట తామే సర్వీసులు తగ్గించుకున్నాయి. ఆలస్యాలు తగ్గాయి.

ఇక ఆ చట్టం? పాత చట్టాన్నే కొద్ది నెలలకోసారి పొడిగిస్తూ పోయారు. ఒకసారి కాదు, 23 సార్లు. 2011లో ఒక పొడిగింపు సమయానికి రాక ఎఫ్ఏఏలో కొన్ని విభాగాలు రెండు వారాలు మూతపడ్డాయి కూడా. చివరికి 2012 ఫిబ్రవరి 14న కొత్త చట్టం మీద సంతకం పడింది. అంత గొడవకీ కారణమైన వాడకం రుసుము అందులో లేదు. ఐదేళ్లు ఒకరినొకరు అనుకున్నాక ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఇంకా పాతది. 1968లో, నేను ఈ బడిలో చదువుతున్న రోజుల్లోనే, న్యూయార్క్ విమానాశ్రయాల వాళ్లు ఒక చిన్న పని చేశారు. రద్దీ వేళల్లో చిన్న విమానం దిగితే కట్టాల్సిన రుసుము 5 డాలర్ల నుంచి 25 డాలర్లకి పెంచారు. రద్దీ లేని వేళ పాత ధరే. ఎవర్నీ తిట్టలేదు, ఎవర్నీ రావద్దనలేదు. రద్దీ వేళల్లో చిన్న విమానాల రాక బాగా తగ్గిపోయింది. అవసరం ఉన్నవాళ్లు కట్టి వచ్చారు, లేనివాళ్లు వేళ మార్చుకున్నారు, పక్క విమానాశ్రయానికి పోయారు. మన హెడ్మాస్టారు రెండో గంట కొట్టించిన రోజులూ ఇంచుమించు అవే. వాళ్లకి మన బడి తెలియదు, మన మాస్టారికి న్యూయార్క్ తెలియదు.

ఇప్పుడు నా తప్పు సంగతి. నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు. ఊరి పేరు చెప్పను. రద్దీగా ఉండే విమానాశ్రయమే. అంతకు కొన్ని నెలల ముందు, గంటకి ఎన్ని విమానాలు నడపగలమో తేల్చే సమావేశంలో మా తరఫున నేను కూర్చున్నాను. ఎయిర్‌లైన్స్ వాళ్లు ఇంకో రెండు అడిగారు. "మన కుర్రాళ్లు చేసేస్తారు" అని నేను ఒప్పుకున్నాను. చేయగలమని చెప్పుకోవడంలో ఒక గర్వం ఉంటుంది. ఎండ కాసే రోజుల్లో చేశాం కూడా.

ఒక సాయంత్రం వాన వచ్చింది. పదకొండు విమానాలు చక్కర్లలో ఉన్నాయి. ఒక్కో చక్కరుకి నాలుగు నిమిషాలు. అప్పుడే ఒక చిన్న విమానం పిలిచింది. పేరు చూడగానే ప్రైవేటుదని తెలిసింది. ఎవరో పెద్దమనిషి భోజనం వేళకి ఇంటికి చేరాలనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. జనంతో నిండిన విమానాలు పదకొండు ఆగి ఉంటే వీడొకడా అని విసుక్కున్నాను. దాన్ని వరసలో చివర పెట్టాను. ఇరవై రెండు నిమిషాలు తిప్పాను. అప్పుడు ఆ పైలట్, గొంతు పెంచకుండా, "సర్, మాది అంబులెన్స్. లోపల పేషెంట్ ఉన్నారు" అన్నాడు.

ఫ్లైట్ ప్లాన్‌లో ఆ ముక్క రాసే గడి ఒకటుంది. వాళ్లు రాశారు. నా ముందున్న కాగితం మీద అది ఉంది కూడా. నేను చదవలేదు. విమానం తరహా చూసి లోపల ఎవరున్నారో నేనే తీర్మానించేసుకున్నాను. వెంటనే ముందుకి తెచ్చి దించాను. విచారణలో నా తప్పు నేను రాసిచ్చాను. ఆ రోగి బతికారని తర్వాత ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఆ మాట వినేదాకా మూడు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆ మూడు రోజుల్లో నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. మొదటిది, చుక్కలో ఎవరున్నారో బయటి నుంచి తెలియదు. సొంత విమానం అనగానే విలాసం అనుకోవడం నా పొరపాటు. ఎయిర్ అంబులెన్సులు, పైలట్ శిక్షణ విమానాలు, ఎయిర్‌లైన్స్ వెళ్లని ఊళ్లకి పోయేవి, అన్నీ ఆ తరగతిలోనే ఉంటాయి. విలాసం కూడా ఉంటుంది, కాదనను. రెండోది, ఆ పదకొండు విమానాలూ అక్కడ తిరుగుతున్నది ఆ చిన్న విమానం వల్ల కాదు. కొన్ని నెలల కిందట నేను ఒప్పుకున్న ఆ రెండు విమానాల వల్ల. వాన రోజు కోసం ఉంచాల్సిన ఖాళీని నేనే ఇచ్చేశాను. తగువులో మూడో మనిషి ఉంటాడని, అతనే టైంటేబులు మీద సంతకం పెట్టినవాడని, ఆ రోజు తెలిసింది. ఆ మనిషి నేనే.

అందుకే 2024 ఫిబ్రవరిలో ముంబయి గురించి మన పౌర విమానయాన శాఖ ఇచ్చిన ప్రకటన శ్రద్ధగా చదివాను. విమానాలు నగరం మీద 40 నుంచి 60 నిమిషాలు చక్కర్లు కొడుతున్నాయని, గంటకి సగటున రెండు వేల కిలోల ఇంధనం కాలుతోందని అందులో చెప్పారు. కారణాల్లో మూడింటినీ పేర్కొన్నారు. విమానాశ్రయం వాళ్లు ఊపిరాడనంతగా స్లాట్లు పంచడం, ఎయిర్‌లైన్స్ తమకిచ్చిన వేళని పాటించకపోవడం, రద్దీ వేళల్లో టైంటేబులు లేని విమానాలు రావడం. ముగ్గురినీ కలిపి అడిగారు. రద్దీ వేళల్లో గంటకి 46ని 44 చేశారు. మిగతా వేళల్లో 44ని 42 చేశారు. సొంత విమానాలకి రోజులో నాలుగు గంటలున్న నిషేధాన్ని ఎనిమిది గంటలకి పెంచారు. ఎవరి బాధ వాళ్లది, కానీ గంటకి రెండు తగ్గిస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వాన రోజుకి కాస్త చోటు దొరుకుతుంది.

మన హైదరాబాద్‌లో ఇంకో దారి చూశాం. 2008 మార్చిలో శంషాబాద్ మొదలవగానే ఎయిర్‌లైన్స్ సర్వీసులు బేగంపేట నుంచి అటు వెళ్లిపోయాయి. బేగంపేట మాత్రం మూతపడలేదు. శిక్షణ విమానాలకి, ప్రముఖుల విమానాలకి, సైన్యానికి, సొంత విమానాలకి పనికొస్తూనే ఉంది. పాత విమానాశ్రయాన్ని ఇళ్ల స్థలాలకి వదిలేయకుండా ఇలా ఉంచుకోవడం నా దృష్టిలో మంచి పని. చిన్నవాళ్లకి ఒక కుళాయి విడిగా ఉన్నట్టే. అయితే టెటర్‌బరో నేర్పిన పాఠం మరవకూడదు. రన్‌వేలు వేరైనా పైనున్న ఆకాశం ఉమ్మడిదే.

ఇంతకీ నేను చెప్పేది ఒకటే. రద్దీ వేళలో ప్రతి నిమిషానికీ ఒక ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఎవరు కట్టాలో ముందే తేల్చకపోతే, గాలిలో చక్కర్లు కొడుతున్నవాళ్లు కడతారు. ఎయిర్‌లైన్ అయినా, సొంత విమానమైనా, సాయంత్రం ఆరు గంటలు కావాలంటే దానికి తగ్గది కట్టాలి, లేదా వేళ మార్చుకోవాలి. రోగితో వచ్చేవాడికి మాత్రం ఎప్పుడూ దారి ఉండాలి. హద్దు పెట్టేవాడు వాన రోజుని గుర్తుంచుకుని పెట్టాలి. మనలో కూడా ఉదయం ఎనిమిది గంటల విమానమే కావాలని, సాయంత్రం ఆరు గంటలకే తిరిగి రావాలని అడగనివాళ్లు ఎందరున్నారు? ఆ టైంటేబులులో మన సంతకం కూడా ఉంది.

ఇకమీదట మీ విమానం రద్దీ వల్ల ఆగిందని పైలట్ చెబితే, కిటికీలోంచి కనబడే చిన్న విమానాన్ని తిట్టుకోకండి. ఈ వేళకి ఇన్ని విమానాలు రాసుకోవడానికి ఎవరు ఒప్పుకున్నారు అని అడగండి. నాలాంటివాడు ఎవడో దొరుకుతాడు.

చివరిగా ఒక విన్నపం. మన సంఘం చందాలతో వేపచెట్టు దగ్గర ఇప్పుడు పన్నెండు కుళాయిలు పెట్టించింది. చాలా సంతోషం. ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ కాసేపు నిలబడి చూశాను. పన్నెండింటి దగ్గరా వరస ఉంది. ఒక అమ్మాయి, "తాతగారూ, టెన్త్ వాళ్లు మమ్మల్ని తోసేస్తున్నారండీ" అని నాతో చెప్పింది. టెన్త్ కుర్రాణ్ణి అడిగితే, సిక్స్త్ వాళ్లు బాటిళ్లన్నీ ఒక్కసారే నింపుతున్నారన్నాడు. వాచీ చూసుకున్నాను. ఇప్పుడు గంట ఒక్కసారే కొడుతున్నారు.

హెడ్మాస్టరు అమ్మగారూ, తమరిని అడిగే అర్హత నాకు ఈ మచ్చ వల్ల వచ్చిందనుకుంటాను. రేపటి నుంచి గంట రెండుసార్లు కొట్టించండి. ఆ మార్పుకి చందా కూడా అక్కర్లేదు.